దేవదానం మాష్టారి సముద్రపు తొట్టి

మా జంతుశాస్త్ర అధ్యాపకులు దేవదానం మాష్టారు ఇక లేరు. ఈ మాట నాకు తెలిసిన రోజే పత్రికలో బి.ఎస్సీ. ఫలితాలు వచ్చాయి. ఇందుకూరుపేటలో మా ఇంట బడి దాటి చదివినవాళ్ళు నాకు ముందు లేరు. నా నంబరు అచ్చయిన పత్రికను మా నాయన వీధంతా తిప్పి, చదువు రానివాళ్ళకు కూడా వేలు పెట్టి చూపించి వచ్చాడు. నేను మాత్రం మాష్టారికి చెప్పాలని నెల్లూరు బస్సెక్కాను. ఆయన ఇంటి ముందు కుర్చీలు వరుసగా వేసి ఉన్నాయి. మొన్న సాయంత్రం గుండె ఆగిపోయిందనీ, నిన్ననే పూడ్చి వచ్చారనీ పక్కింటాయన చెప్పాడు. చెప్పాలని తెచ్చిన మాటను లోపలే ఉంచుకుని, చెప్పులు విప్పి గుమ్మం దాటాను.

మాష్టారి గురించి రాయాలంటే ఆయన తొట్టి గురించి రాయాలి. కళాశాలలో మాకు సముద్ర జీవులంటే స్పిరిటు సీసాల్లో వెలిసిపోయి ఉన్నవే. "చచ్చినదాన్ని చూసి బొమ్మ వేస్తే డ్రాయింగు వస్తుంది, జంతుశాస్త్రం రాదు" అనేవారు ఆయన. బస్సు దూరంలో సముద్రం పెట్టుకుని పిల్లలు బతికున్న జీవిని చూడకుండా పట్టా పుచ్చుకోవడం ఆయనకు అవమానంగా తోచేది. ప్రయోగశాలలో ఉప్పునీటి తొట్టి కట్టించమని ప్రిన్సిపాలు గారిని వదలకుండా అడిగారు. చివరికి ప్రిన్సిపాలు గారు ఒక షరతు పెట్టారు: ముందు ఇంట్లో పెంచి చూపించాలి, వేసవి సెలవులు దాటి అవి బతికుంటే కళాశాలలో కట్టిస్తారు.

ఆదివారం ప్రార్థన ముగించుకుని గుడి నుంచి రాగానే మాష్టారు జాడీలు పట్టుకుని మైపాడు సముద్రతీరానికి బయలుదేరేవారు. సముద్రపు నీళ్ళు నింపిన జాడీలతో తిరిగి వస్తుంటే కండక్టరు, "సముద్రానికి హాఫ్ టిక్కెట్టు కొట్టేదా సారూ?" అంటే, "మళ్ళీ తీసుకుపోయే పనిలేదబ్బయ్యా, సింగిలు కొట్టు" అన్నారట. లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి నింపి, సన్నటి రబ్బరు గొట్టంతో నీళ్ళలోకి బుడగలుగా వదిలేవారు. చారల చేపలు కొన్ని, గవ్వను మోసుకుని తిరిగే పీత ఒకటి తొట్టిలో చేరాయి.

ఇక మిగిలింది ఎండ. గాజు తొట్టికి తడి గోనెపట్టా చుట్టి నీళ్ళను చల్లార్చవచ్చు. ఎంతవరకు చల్లార్చాలో చెప్పడానికి నమ్మకమైన థర్మామీటరు కావాలి. జ్వరం చూసేది ఇందుకు పనికిరాదు. దాని గీతలు మనిషి ఒంటి వేడి దగ్గరే మొదలవుతాయి, సముద్రపు నీళ్ళ చల్లదనం దాకా దిగవు. మద్రాసు నుంచి మూడు థర్మామీటర్లు తెప్పించి ఒకే చెంబు నీళ్ళలో ముంచితే రెండు ఒక మాట చెప్పాయి, మూడోది వేడి ఎక్కువ చూపింది.

"రెండు ఒక మాట మీదుండాయి గదా, వాటిల్లో ఒకటి పెట్టుకోండి" అన్నారు ఆయన భార్య సుగుణమ్మ గారు.

"ఓట్లేసి తేల్చేదానికి ఇదేమన్నా పంచాయతీ ఎన్నికా?" అని నవ్వారు మాష్టారు.

శాస్త్ర ప్రకారం తేల్చాలనుకున్నారు. కరుగుతున్న ఐసులో ఏ థర్మామీటరైనా సున్నా గీత దగ్గర నిలవాలి. చేపల అంగడి నుంచి ఐసు తెప్పించి, నలగ్గొట్టి, మూడింటినీ అందులో గుచ్చారు. మూడోది సరిగ్గా గీత మీద నిలిచింది. మిగతా రెండూ కిందికి జారాయి. ఆ రెంటినీ పక్కన పడేసి, మూడోదాన్ని తొట్టిలో వేలాడదీశారు.

సెలవుల్లో నేను వెళ్ళినప్పుడల్లా ఆ థర్మామీటరు నీళ్ళు వేడెక్కాయనే చెప్పేది. మాష్టారు గోనెపట్టా మరింత తడిపేవారు. ఐసు నింపిన సీసాను తొట్టిలో వేలాడదీసేవారు. చేపలు ముందు మేత మానేశాయి, తరవాత అడుగున పడుకున్నాయి. కళాశాల తెరవడానికి కొద్దిరోజుల ముందు ఒక్కొక్కటే చనిపోయాయి. పీత కూడా గవ్వ వదిలి బయటపడి చచ్చిపోయింది.

ఆ వారమే సుగుణమ్మ గారికి జ్వరం వచ్చింది. జ్వరం చూసే థర్మామీటరు చేతికి రాగానే మాష్టారికి ఒక ఆలోచన తట్టింది. ఒంటి వేడికి వచ్చేలా గోరువెచ్చని నీళ్ళు కలిపి, అందులో దీన్నీ, ఆ మూడింటినీ కలిపి ముంచారు. ఆయన పక్కన పడేసిన రెండూ దీనితో సరిపోయాయి. తొట్టిలోది మాత్రం చాలా ఎక్కువ చూపింది. మాష్టారు చెప్పులేసుకుని చేపల అంగడికి నడిచారు, నేను వెంట వెళ్ళాను. అక్కడ ఒక ఐసు ముక్క నోట్లో వేసుకుని వెంటనే ఊసేశారు. మద్రాసు రైలెక్కే చేపల బుట్టల కోసం అక్కడ ఐసు మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన ఐసు మామూలు ఐసుకంటే చల్లగా ఉంటుంది. మంచి థర్మామీటర్లు ఉన్నది ఉన్నట్టు చెప్పి కిందికి దిగాయి. ఎక్కువ చూపే థర్మామీటరు గీత మీద నిలిచి ఆయన్ను నమ్మించింది. అది వేడి వేడి అంటుంటే, ఉష్ణసముద్రపు జీవులను ఆయన చలికి చంపుకున్నారు.

కళాశాల తెరిచే ముందురోజు అటెండరు గురవయ్య మాష్టారి దగ్గరికి వచ్చాడు. మైపాడులో అట్లాంటి చేపలు ఎన్నయినా దొరుకుతాయనీ, తెచ్చి పోస్తే ప్రిన్సిపాలు గారు పేర్లు పెట్టి పిలవబోరనీ అన్నాడు. మాష్టారికి నవ్వు వచ్చింది గాని ఒప్పుకోలేదు. మరునాడు ప్రిన్సిపాలు గారి గదిలో, గుమ్మం దగ్గరున్న మాకు వినబడేలా చెప్పారు: "నీళ్ళు చల్లబెట్టి చంపింది నేను సార్. కొత్తవి పోసి, బతికినాయని మీకు చెప్పలేను."

తొట్టి మంజూరు కాలేదు. ఆ రోజు మా తరగతిలో ఆయన పుస్తకం తెరవలేదు. సోడా అంగడి ఐసు ఒక గిన్నెలోనూ, చేపల అంగడి ఐసు ఇంకో గిన్నెలోనూ పెట్టి, మా అందరిచేతా పాదరసం చదివించారు. తన తప్పును మొదటినుంచి చివరిదాకా, వేరెవరి సంగతో చెప్పినట్టు, తొణకకుండా చెప్పారు. "నమ్మే ముందు దేనితో పరీక్షించినారో దాన్ని కూడా పరీక్షించండి" అన్నారు. తరవాత మంచి థర్మామీటరుతో ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ చేపలు మరుసటి వేసవి దాటాయి. ప్రిన్సిపాలు గారు మాత్రం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మాష్టారు వంతులవారీగా మమ్మల్నందర్నీ ఇంటికి పిలిచి చూపించేవారు.

నేను వెళ్ళిన రోజు సుగుణమ్మ గారు తొట్టి పక్కనే కూర్చుని ఉన్నారు. గోనెపట్టా ఎండి బిరుసెక్కింది. "వచ్చినోళ్ళంతా నన్నే చూస్తా ఉండారు. వీటిని చూసినోళ్ళు లేరు నాయనా" అన్నారు. ఇద్దరం పట్టాను తడిపి చుట్టాం. పాదరసం దిగేదాకా ఆగి, పాసయ్యానని చెప్పాను. ఆమె నా తల మీద తడిచేయి పెట్టారు.

"ఆయనుంటే నిన్ను ఇక్కడే కూర్చోబెట్టి పరీక్ష మళ్ళీ పెట్టుండేవాడు" అన్నారు.

నా పట్టాకోసం నేను చదివిన సముద్ర జీవులు చాలా ఉన్నాయి. వాటిలో కదిలేవాటిని, మేత తినేవాటిని, గవ్వ మార్చుకునేవాటిని ఆ ఒక్క ఇంట్లోనే చూశాను. సుగుణమ్మ గారు వచ్చే నెల గూడూరులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. జూలైలో చేరే పిల్లలకు కళాశాలలో సీసాలు ఉంటాయి. ఈ ఇల్లు ఉండదు.