చెట్టు కిందే ఏరాలట

మా మామిడిపండ్ల వెబ్‌సైట్లో ఎవరో తమ ఫోన్ నంబరు ఒక అంకె తక్కువ రాశారు. మనిషి దొరక్క, ఆ ఆర్డరు పండ్ల పెట్టె ఈ ఉదయం హనుమాన్ జంక్షన్ నుంచి కుళ్ళి తిరిగొచ్చింది. ఆర్డరు ఫారం తయారుచేసిన నాదే తప్పేమోనని మథనపడుతుంటే, మా తోటలో కాయలు ఏరుతున్న నాంచారమ్మ నవ్వింది.

“దెబ్బకాయని చెట్టు కిందే తీసెయ్యాలి గానీ, లారీ ఎక్కించాక చూస్తే ఏం లాభమండీ?”

“అది కంప్యూటరు కదా నాంచారమ్మా!”

“అయితే దానికీ ఏరడం నేర్పండి.”

నేర్పాను. పది అంకెలు లేకపోతే ఆర్డరు పేజీ దాటకుండా అక్కడే ఎర్రగా హెచ్చరించేలా స్క్రిప్టు రాశాను. పరీక్షించడానికి నా నంబరే కొట్టాను. ఆపేసింది. చూస్తే తొమ్మిదే ఉన్నాయి!

ఎం.సి.ఏ. చదివిన నేను సాయంత్రం నాంచారమ్మకి దణ్ణం పెట్టాను. మరి, ఇది చదువుతున్న మీ తప్పుల్నీ ఇలా చెట్టు కిందే ఆపేవాళ్ళు ఎవరున్నారు?