కాగితం మేస్త్రి దీవి కాపురం

లాంచీ దిగి నాలుగు రోజులు లాడ్జిలో ఉండి వెళ్లేవాళ్లలో ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు: "ఇక్కడికే వచ్చేసి కాపురం పెడితే ఎలా ఉంటుందక్కా?" లాడ్జి బట్టలన్నీ ఇస్త్రీకి నా బల్ల మీదికే వస్తాయి కాబట్టి అడగడానికి దొరికేది నేనే. బాగుంటుందని చెబితే రేపు నన్ను తిట్టుకుంటారు. బాగుండదంటే నా ఊరిని నేనే తిట్టుకున్నట్టవుతుంది. అందుకని మా పక్కింటి కాగితం మేస్త్రి సంగతి చెప్పి ఊరుకుంటాను.

ఆయన కాగితాలు చేసేవాడు కాదు, తలుపులు చేసేవాడు. తలుపు బిగించాక జేబులోంచి ఓ కాగితం ముక్క తీసి, తలుపుకీ గుమ్మానికీ మధ్య పెట్టి తోసి చూసేవాడు. అది దూరిందంటే తలుపు ఊడదీసి మళ్లీ మొదటికి రావడమే. దూరకపోతే ఆ కాగితాన్నే సన్నగా చుట్టి చెవిలో తిప్పుకుంటూ, కళ్లు మూసుకుని కాసేపు కూర్చునేవాడు. ఆ సుఖం మహారాజులకైనా ఉంటుందా అని నాకు అనుమానం. అవతలి ఒడ్డున, పెద్ద ఊళ్లో, ఆయన చేతి తలుపు మూసుకుంటే పక్కగదిలో పాప కూడా లేవదని చెప్పుకునేవారట.

ఆయన భార్యను నేను వదినా అంటాను, ఆవిడా నన్ను అలాగే పిలుస్తుంది. ఆవిడ కోసమే వాళ్లు దీవికి వచ్చారు. అక్కడ వాళ్లున్న వీధిలో ఒక పక్క రాళ్లు కోసే మిషను, ఇంకో పక్క పిండిమర, ఇంటి కిందే మేస్త్రి కొట్టు. రాతిపొడీ, పిండీ, రంపప్పొట్టూ కలిసి ఆవిడ గుండెల్లో మకాం పెట్టేశాయి. నడుం వాలిస్తే ఊపిరాడదు. గోడకి దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. మందులు మింగీ మింగీ అన్నం కూడా చేదెక్కిపోయింది. చివరికి డాక్టరే చేతులెత్తేసి, ఇంక మందు మార్చి లాభం లేదమ్మా, గాలి మార్చుకోండి అన్నాడు.

వదిన చిన్నమ్మ కొడుకు అప్పటికే ఇక్కడ లాడ్జి కట్టిస్తున్నాడు. అతను ఒడ్డుకి వెళ్లినప్పుడు ఈ మాట విని, "బావా, మా దగ్గర గాలికి అద్దె లేదు. అక్కని తీసుకుని వచ్చెయ్. తలుపులన్నీ నీ చేతి మీదుగానే" అన్నాడు. ఆ మాట మీద వచ్చారు.

వచ్చింది ఎండాకాలంలో. అప్పుడు చూస్తే ఎవరికైనా ఇక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. కిటికీ తీస్తే నీళ్లు, తలుపు తీస్తే నీళ్లు. చేప ఇంకా కొట్టుకుంటూ ఉండగానే గుమ్మంలోకి వస్తుంది. ఇంటికి తాళం వేస్తే ఇరుగుపొరుగు నొచ్చుకుంటారు. పది రోజులు తిరక్కుండానే వదిన వెల్లకిలా పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది. మేస్త్రి నమ్మలేక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడట. ఆవిడ మేలుకుని, "ఉన్నాలెండి, పనికి పోండి" అనేదట.

ఆయన లాడ్జి తలుపులన్నీ ఆ ఎండల్లోనే చేశాడు. రోజూ సాయంత్రం కాగితంతో పరీక్ష. ఓ రోజు లాడ్జికి కొన్న కొత్త దుప్పట్లు ఇస్త్రీ చేసి ఇవ్వడానికి వెళ్లి చూసి, నోరూరుకోక అన్నాను.

"అన్నయ్యా, వేలు పట్టేంత సందు వదలండి. వానలొస్తే ఇక్కడ చెక్క ఉబ్బుతుంది."

"వేలు పట్టే సందు వదిలితే అది తలుపెలా అవుతుందమ్మా? మేకల దొడ్డికి తడిక అవుతుంది."

"ఇక్కడ అందరి ఇళ్లకీ అంతేగా."

"చూశాను. మీ ఇళ్లల్లో ఎవరు ఏం వండుకున్నారో వీధిలోకే తెలిసిపోతోంది."

ఆయన ఇంటికి కూడా పాత తలుపులు తీసేసి తన చేతివి బిగించుకున్నాడు. కిటికీ రెక్కలతో సహా.

తరవాత వానలు పట్టుకున్నాయి. ఇక్కడి వాన కురిసి వెళ్లిపోయే వాన కాదు, చుట్టపుచూపుగా వచ్చి మంచమెక్కే రకం. ఉప్పు గడ్డకట్టి డబ్బాకి అతుక్కుంటుంది. చెప్పుల మీద బూజు పడుతుంది. అగ్గిపుల్ల గీస్తే తల ఊడొస్తుంది. మిగతా చోట్ల ముడతలు పోవడానికి ఇస్త్రీ చేయిస్తారు, ఇక్కడ తడి పోవడానికి చేయిస్తారు. ఆ నెలల్లో నా ఇస్త్రీపెట్టె చల్లారదు, నా నడుం నిలబడదు. సముద్రం పొంగితే లాంచీ రాదు. లాంచీ రాకపోతే కూరగాయల్లేవు, మందుల్లేవు, కొత్త మొహం లేదు. ఉన్న మొహాలే చూసుకుంటూ కూర్చోవాలి.

లాడ్జిలో తలుపులు ఒక్కొక్కటే బిగుసుకున్నాయి. నేను బట్టలు దులుపుతుండగా లాడ్జి ఓనరు, అదే వదిన తమ్ముడు, గొడుగు కూడా వేసుకోకుండా మేస్త్రి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, మూడో గదిలో పెద్దాయన బాత్రూంలోకి వెళ్లి బయటికి రాలేకపోతున్నాడు."

"తొయ్యమను" అన్నాడు మేస్త్రి.

"తోస్తూనే ఉన్నాడు బావా, పొద్దుట్నుంచీ. ఇప్పుడు తిడుతున్నాడు."

"ఎవర్ని?"

"ప్రస్తుతానికి నన్ను. నీ పేరు ఇంకా తెలీదాయనకి."

ఆ పెద్దాయన్ని వెంటిలేటర్లోంచి లాగలేక, చివరికి బందులు విరిచి తీశారు. మరో గదిలో కొత్త దంపతులు కిటికీలోంచి దూకి వచ్చి టిఫిను చేసి, మళ్లీ కిటికీలోంచే ఎక్కి వెళ్లేవారు. వాళ్లు మాత్రం ఏమీ అనుకోలేదు. మిగతావాళ్లు అనుకున్నారు.

మేస్త్రి చిత్రిక పట్టుకుని గది గదికీ తిరిగాడు. తడి చెక్క చిత్రికకు లొంగదు, పీచు పీచుగా లేచి బ్లేడుకి చుట్టుకుంటుంది. బ్లేడేమో తెల్లారేసరికి తుప్పు పడుతుంది. దాన్ని నూరుకోవడం, తలుపు గీకడం, మళ్లీ నూరుకోవడం. చేతులు నానిపోయి తెల్లగా ముడతలు పడ్డాయి. ఆ నెలలన్నీ అదే పని. అన్నీ తెరుచుకునేలా చేశాడు. ఇంక గండం గడిచిందనుకుంటుండగా వానలు ఆగి పొడిగాలి మొదలైంది. ఉబ్బిన చెక్కంతా లోపలికి లాక్కుపోయింది. గీకినంత మేరా సందులే. లాడ్జిలో దిగినవాళ్లు తలుపుల మీద తువ్వాళ్లు వేలాడదీసుకున్నారు.

"బావా, ఏమనుకోకు గానీ," అన్నాడు ఓనరు, "గదిలో ఎవరున్నారో తెలుసుకోడానికి తలుపు కొట్టక్కర్లేకుండా పోయింది."

మేస్త్రి నవ్వలేదు, కోప్పడలేదు. ఇంటికొచ్చి వసారాలో కూర్చున్నాడు. ఆ తరవాత చాలా రోజులు అలా కూర్చునే ఉన్నాడు. కిటికీ రెక్క బాగుచెయ్యమని ఎవరైనా వస్తే చేసిచ్చేవాడు, కానీ చేశాక దానివైపు చూసేవాడు కాదు. జేబులో కాగితం పెట్టుకోవడం మానేశాడు. పలకరిస్తే, "చేతులు నావేనమ్మా, పనే నాది కాదు" అన్నాడోసారి.

వదిన మా పెరట్లోకి వచ్చి బొగ్గుల బుట్ట పక్కన పీట వేసుకుని కూర్చునేది.

"నాకు ఊపిరాడుతోంది వదినా. ఆయనకే ఆడట్లేదు."

"సర్దుకుంటారులే."

"సర్దుకోరు. నేను చూస్తున్నాగా. అన్నం ముందు కూర్చుని అన్నాన్ని అటు ఇటు తోస్తారు, తలుపు తోసినట్టు."

ఆవిడకి కూడా ఇక్కడ పెద్దగా తోచేది కాదు. మాట్లాడ్డానికి నేనూ, ఓనరు పెళ్లామూ తప్ప మనిషి లేదు. వాళ్ల అక్క ఒడ్డున ఉండిపోయింది. అక్కతో పోట్లాడి ఎన్నాళ్లయిందో అని బెంగపడేది. కానీ ఆ తరవాత వెళ్లిపోదామన్నది అందుకు కాదు. అది నాకు తెలుసు, మేస్త్రికి తెలీదు. తెలియనివ్వలేదు ఆవిడ.

ఒకరోజు నా ముందే మొదలుపెట్టింది.

"ఏవండీ, వెళ్లిపోదాం. రోగం పోయింది కదా, ఇంకా ఇక్కడెందుకు? ఈ చేపల కంపు నావల్ల కాదు."

"మళ్లీ వస్తేనో?"

"పోయిన రోగం మన ఇల్లు వెతుక్కుంటూ వస్తుందా? పాత ఇంట్లో కాకుండా అక్క వాళ్లింటి వైపు చూసుకుందాం. మీ పని మీరు చేసుకోవచ్చు."

ఆయన నావైపు చూశాడు. ఏమంటావమ్మా అని అడుగుతున్నట్టు కాదు, నమ్మొచ్చా అని అడుగుతున్నట్టు. నేను ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుకుంటూ తల వంచుకున్నాను. ఆ రోజుతో వెళ్లడం ఖాయమైపోయింది. ఆయన మొహంలో చాలా కాలానికి నెత్తురు కనిపించింది. ఉలులన్నీ తీసి ఎండలో పరిచి నూనె రాశాడు. మంచం, నీళ్ల డ్రమ్ము, పెద్ద బాణలి నాకిచ్చారు. లాంచీ ఎక్కేటప్పుడు వదిన నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేనేదో అనబోతే, "ఊరుకో" అంది చెవిలో.

అక్కడి కబుర్లు ఓనరు ద్వారా తెలిసేవి. కొట్టు దొరికింది. పని దొరికింది. బావ మళ్లీ తిండి తింటున్నాడు, బావ జోకులేస్తున్నాడు, బావ నన్ను ఫోన్లో తిట్టాడు అని ఓనరు సంబరపడుతూ చెప్పేవాడు. అక్క ఎలా ఉందంటే మాత్రం, "బాగానే ఉందంటోంది" అనేవాడు. ఆవిడ అలాగే అంటుందని నాకు తెలుసు కాబట్టి ఆ మాట వల్ల నాకు ఏమీ తెలియలేదు.

ఓ మధ్యాహ్నం లాంచీలోంచి లాడ్జికి తెప్పించిన కొత్త దుప్పట్ల మూట దించుకుందామని రేవుకి వెళితే, ముందు పనిముట్ల పెట్టె దిగింది. వెనక మేస్త్రి. ఆయన చెయ్యి పట్టుకుని వదిన. గాలి పీలుస్తుంటే మెడ కింద గుంటలు పడుతున్నాయి. నాలుగడుగులేసి, రేవు గట్టు మీద కూలబడింది.

"మంచం ఉందామ్మా, ఎవరికైనా ఇచ్చేశావా?" అని అడిగాడు మేస్త్రి.

"నేనే పడుకుంటున్నాను అన్నయ్యా. ఇప్పుడే తెచ్చేస్తాను."

"తొందరేం లేదు. తిరిగి వెళ్లేది లేదింక."

వదినకి కోపమొచ్చింది. మాట కూడా పూర్తిగా రావట్లేదు, అయినా కోపమే ముందొచ్చింది.

"చెప్పు వదినా. నాకు... బాగానే ఉందంటే వినరు. ఆ పనంతా... సగంలో వదిలేసి."

"బాగానే ఉందట," అన్నాడాయన నాతో. "పంపు దగ్గర బిందె సగం నిండింది. ఈవిడ గోడకానుకుని కూర్చుంది. ఎవరో వచ్చి చెబితే వెళ్లాను. ఏమైందే అంటే, చెయ్యి ఊపింది, మాట రాక. తరవాత ఏమంటుందో తెలుసా? ఎండ బాగుందని కూర్చున్నానంది. అప్పుడడిగాను వాళ్ల అక్కని. ఎన్నాళ్ల నుంచి అంటే, వెళ్లిన వారం నుంచీ అంది. నేను పనిలోకి వెళ్లగానే దగ్గేదట. వచ్చేసరికి ఆపుకునేదట."

"మీకేం... అక్కడ సుఖంగా..."

"ఏం సుఖమే? నువ్వు ఆపుకున్న దగ్గు మీదా నా సుఖం?"

వదిన చెంగుతో మొహం తుడుచుకుంది. ఆయన పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు. లాంచీవాడు సామాను దింపడం పూర్తిచేసి, ఇంకెవరైనా ఎక్కుతారా అని అరిచాడు. మేస్త్రి అటు చూడనుకూడా లేదు.

"అక్కడ దుమ్ము దీన్ని తినేస్తుంది," అన్నాడు, నాతోనో తనతోనో. "ఇక్కడ తడి నా తలుపుల్ని తింటుంది. పోనీ, తలుపుల్నే తిననీ."

ఇదయ్యాక పెద్ద మార్పేం రాలేదు. వదినకి కుదుటపడటానికి ఈసారి ఎక్కువ కాలమే పట్టింది. మేస్త్రి ఇక్కడివాళ్లలాగే పని చేయడం మొదలుపెట్టాడు. వేలు పెట్టి చూసుకుని, సందు వదిలి, బందులు బిగించి వచ్చేస్తాడు. కూర్చోడు. ఎవరైనా బాగుందంటే, "తెరుచుకుంటుంది, చాలు" అంటాడు. అంత మాట ఆయన నోట వినడం నాకే కష్టంగా ఉంటుంది.

మొన్న ఓనరు కొండ మీద కట్టిస్తున్న కొత్త గదులకు తలుపులు బిగించాలని మేస్త్రి బయల్దేరాడు. వదిన క్యారేజీ పట్టుకుంది, నేను దుప్పట్ల మూట ఎత్తుకున్నాను. దారి నిట్టనిలువుగా ఉంటుంది. సగం దూరం పోయాక వెనక్కి తిరిగితే మేస్త్రి లేడు. కింద మలుపులో పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమే, కాస్త ఆగు" అని అరిచాడు. "మోకాళ్లు రానంటున్నాయి."

"మెల్లగా రండి. ఎవరు తరుముతున్నారు?" అంది వదిన.

నేను మూట దించుకుని ఓ రాయి మీద కూలబడ్డాను. నా పక్కన చోటుంది కూర్చోమన్నాను. ఆవిడ కూర్చోలేదు. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఆయన లేచి వచ్చేదాకా అలా నిలబడే ఉంది, ఒడ్డున ఉండగా అక్కతో జరిగిన పోట్లాట నాకు మొదట్నుంచి చివరిదాకా చెబుతూ.