మా తమ్ముని పచ్చ బోర్డు

మొన్న మా అమ్మను తోల్కొని మళ్ల మహాబలిపురం ఎందుకు పోయినవని అందరు అడుగుతుండ్రు. కొందరైతే ఏదో మొక్కు అనుకుంటుండ్రు. మొక్కు కాదు ఏం కాదు. నేను జేసిన ఒక తెలివితక్కువ పనిని సక్కదిద్దనీకె పోయినం. చాయ్ తాగుండ్రి, చెప్త. నవ్వొస్తె నవ్వుండ్రి, నేనేం అనుకోను.

పెబ్బేరుల నాది మోటర్ వైండింగ్ దుకాణం. మా తమ్ముడు మద్దిలేటిని గూడ అండ్లనే కూసోబెడ్దామనుకున్న. వాడు కూసోలే. మా దిక్కు కూలోళ్లతోని మద్రాసుకు బిల్డింగు పనికి పోయిండు. ఆ పని అయినంక మహాబలిపురంల ఒక హోటల్ల చేరిండు. ఊరు సముద్రం ఒడ్డుకే ఉంటది. అక్కడ చేపలు పట్టేటోళ్ల పోరగాండ్లతోని దోస్తానా అయ్యి, అలల మీద ఆట నేర్సుకున్నడు. సర్ఫింగ్ అంటరు. పొడుగ్గ పలక లెక్క బోర్డు ఉంటది. దాని మీద బోర్ల పండుకొని లోపలికి పోవాలె, అల లేసినప్పుడు దబ్బున లేసి నిలబడాలె. ఫోన్ల ఒడ్డు మీదకెల్లి తీసిన వీడియోలు పంపుతుండె, వాడు చీమంత కనబడుతుండె. మా అమ్మ చూసి, "వీనికి బాయిల ఈతనే సక్కగ రాకుండె, అంత నీళ్లల్ల ఏం ఆట" అని పరేషాన్ అయితుండె.

సముద్రం వాన్ని ఏం జేయలే. రోడ్డు మీద లారీ జేసింది. హోటల్‌కు కూరగాయలు తెస్తుండె, బండి మీద. అంబులెన్సుల ఇంటికి తెచ్చుకున్నం. వానికి ఇంక పెండ్లి గూడ కాలే.

అమ్మ ఆ రోజు ఏడ్వలే. మట్టి చేసినప్పుడు గూడ ఏడ్వలే. తెల్లారితే కూలికి పోవుడు, వచ్చి వండుడు, మూలకు కూసునుడు. ఎవలన్న వాని పేరెత్తితె లేసి బయటికి పోతుండె. దవాఖానకు తోల్కపోతనంటె, "నాకేమైంది" అంటది. ఏడ్చే మనిషి కన్నా అట్లున్న మనిషిని చూస్తె ఎక్కువ భయమైతది.

కొన్ని నెలలైనంక సెల్వం అని ఒకాయన ఫోన్ జేసిండు. మా తమ్ముని దోస్తు. వానికి సర్ఫింగ్ నేర్పింది ఈయననే. "అన్నా, మద్ది సామాను ఇక్కడ ఉంది. బట్టల బ్యాగు, బోర్డు. జర వచ్చి తీస్కపోతవా" అన్నడు. తమిళాయనకు మన పాలమూరు మాట ఎట్లొచ్చిందో నాకు సమజ్ కాలే. మా తమ్ముడే నేర్పిండంట. ఆయన "జర నిమ్మళంగ రా అన్నా" అంటె, అచ్చం మావాడు అన్నట్టే ఉండె. ఫోన్ పెట్టేసి దుకాణం వెనక్కి పోయి కొంచెంసేపు నిలబడ్డ.

పోయిన. సెల్వం బస్టాండుకు వచ్చిండు. బోర్డు ఇచ్చి పంపిస్తడనుకుంటె, ఊరంతా తిప్పిండు. "మద్ది వచ్చినోళ్లందరికి చూపిస్తుండె, నీకు చూపించకుంటె ఎట్ల" అన్నడు. ఒడ్డు మీద గుడి చూపించిండు. ఎప్పుడో పల్లవ రాజులు కట్టిచ్చిందంట, సముద్రపు గాలికి బొమ్మల మొకాలు అరిగి నున్నగైనయి. ఒక్క రాయినే తొలిచి చేసిన రథాలు చూపించిండు. ఏటవాలు బండ మీద గుండ్రంగ పెద్ద గుండు ఒకటుంది, ఇప్పుడు దొర్లుతది ఇప్పుడు దొర్లుతది అన్నట్టు ఉంటది, దొర్లదు. దాని నీడకు మేకలు పండుకున్నయి. గల్లీలల్ల శిల్పాలు చెక్కేటోళ్ల ఉలి సప్పుడు. సునామీ వచ్చిననాడు సముద్రం వెనక్కి పోతె, అడుగున ఎన్నటివో రాళ్లు బయటపడ్డయంట, పెద్దోళ్లు చూసిండ్రంట. బోర్డులు మొదాల ఊరు చూడనీకె వచ్చిన బయటి దేశపోళ్లు తెచ్చుకున్నరంట. చేపలోళ్ల పిల్లలు వాళ్లను అడిగి ఎక్కి, పడుకుంట లేసుకుంట నేర్సుకున్నరు. ఇప్పుడు వాళ్లే దునియాకు నేర్పుతుండ్రు.

అంతా చూపిచ్చి తన బోర్డుల షెడ్డు కాడికి తెచ్చిండు. లోపల గోడ పొంటి బోర్డులే బోర్డులు. అప్పుడే ఆయనకు ఫోనొచ్చింది. ఎవరో నేర్సుకునే గిరాకీలు ఒడ్డు కాడికి వచ్చి నిలబడ్డరంట. "అన్నా, పచ్చ బోర్డు తమ్మునిది. తీసి పెట్టుకో, ఆటో పంపిస్త" అని ఉరికిండు.

చూసిన. పచ్చది కనబడ్డది. పసుపు రాసినట్టు మెరుస్తుంది, నాకన్న పొడుగుంది. దాని ముంగట ఆకుపచ్చది ఇంకోటి, చిన్నది, అతుకులేసింది, అడ్డముండె. దాన్ని కాలుతోని పక్కకు జరిపి, బట్టల బ్యాగు భుజానికేసుకొని పచ్చది తీసుకున్న.

ఇగ అది తెచ్చుడు చెప్తె పెద్ద కథ. చెంగల్పట్టుల రైలు ఎక్కి, దాన్ని సీటు కిందికి తోస్తె సగం బయటికొచ్చింది. వచ్చెటోడు పోయెటోడు తన్నుకుంటుండ్రు, నేను బోర్డుకు సారీ చెప్తున్న. తెల్లారంగ గద్వాలల దిగి వనపర్తి బస్సెక్కిన. కండక్టరమ్మ అడ్డం నిలబడ్డది.

"ఏందిది? ఫ్రిజ్ డోరా?"

"కాదక్కా. బోర్డు."

"ఏ దుకాణం బోర్డు? పేరు లేదు గదా దాని మీద."

సముద్రంల ఆడుకునేదంటె, "బీచుపల్లి కాడ కృష్ణల ఆడతవా" అన్నది. బస్సు బస్సంతా నవ్వింది. నడుమ నిలువుగ పండుకోబెట్టినం. ఒక పెద్దాయన దాని మీదనే కూసున్నడు. పక్కకున్న ముసలమ్మ, "ఎవలది బిడ్డా?" అని అడిగింది. "మా తమ్మునిది" అన్న. "తమ్ముడేడి?" అన్నది. నేను బోర్డు దిక్కు చూసిన. ఆ పెద్దాయన నా మొకం చూసి, అడగకనే లేసి నిలబడ్డడు. పెబ్బేరు దాక నిలబడే వచ్చిండు.

ఇంట్ల అమ్మ ముంగట గోడకు ఆనిచ్చిన. అమ్మ చేతులు కడుక్కొని వచ్చి చూసింది. "పసుపు రంగుది తీసుకున్నడు" అన్నది. దాని మీద మైనం రుద్ది ఉంటది, కాలు జారకుండ. ఆ మైనంల రెండు పాదాలు దిగబడ్డ గుర్తులున్నయి. అమ్మ అవి చూసింది. వేలు పెట్టి చుట్టు గీసింది. ఇగ ఆగలే. బోర్డును కిందికి దించి, ఆ పాదాల మీద తల పెట్టి, "నా కొడకా" అని ఏడుపు మొదలుపెట్టింది. వాడకట్టోళ్లందరు వచ్చిండ్రు. నేను ఆపబోతె మా ఇంటామె, "ఆపకు, ఏడ్వనీ" అన్నది.

తెల్లారి అమ్మ ఆకలైతుందని అడిగి అన్నం తిన్నది. వాని ముచ్చట తానే తీసింది. చిన్నప్పుడు గిట్ల జేసిండు, గట్ల జేసిండు అని. ఇగ రోజు బోర్డుకు పసుపు రాసుడు, బొట్టు పెట్టుడు, చామంతి దండ వేసుడు. నా అంత మంచి పని చేసినోడు ఎవడూ లేడనుకున్న.

గప్పుడు సెల్వం ఫోన్ జేసిండు.

"అన్నా, మద్ది బోర్డు ఇక్కడనే ఉంది. నువ్వేం తీస్కపోయినవ్?"

"పచ్చది."

"పచ్చది ఇక్కడ ఉంది గదా."

"మరి నా ఇంట్ల పచ్చగ మెరిసేది ఏంది?"

"అన్నా, పచ్చ అంటె ఆకు రంగు" అన్నడు. వాళ్ల భాషల ఆకు రంగు పచ్చ. మనకు పసుపు రంగు పచ్చ. అన్ని మాటలు నేర్పిన మావాడు ఇదొక్కటి నేర్పలే. నేను తెచ్చింది బెంగళూరు మేడం ఒకామెదంట. సెలవులకొస్తె ఆడుకోనీకె షెడ్డుల పెట్టిపోతదంట. ఇప్పుడొచ్చి నా బోర్డేదని అడుగుతుందంట. కాలుతోని జరిపింది ఏదో నాకు అప్పుడు యాదికొచ్చింది.

అమ్మకెట్ల చెప్పాలె? చెప్పకుండ ఇంకోటి కొని పంపిద్దామనుకున్న. మా ఇంటామె ఒప్పుకోలే. చెప్పిన. అమ్మ బోర్డు దిక్కే చూసుకుంట విన్నది.

"అయితె ఈ పాదాలెవరివి?"

"ఎవరో మేడంవి అమ్మా."

"ఆమె బతికే ఉందా?"

"మంచిగుంది."

అమ్మ గబగబ లేసి దండ తీసేసింది. "బతికున్న మనిషి సామానుకు దండేసినం గదరా. నీళ్లు తే" అన్నది. ఇద్దరం కూసోని బోర్డు కడిగినం. బొట్టు పోయింది గని మైనంల ఇంకిన పసుపు పోలే. "నేను గూడ వస్త. ఆమెకు నేనే ఇయ్యాలె" అన్నది.

మళ్ల గదే బోర్డు, గదే రైలు.

అమ్మ సముద్రం చూసుడు అదే మొదటిసారి. రథాల కాడ నిలబడి, చేతితోని రాయిని తడిమి, "ఎంతమంది చేతులు బొబ్బలెక్కెనో" అన్నది. తాను గూడ క్రషర్ల రాళ్లు కొట్టిన మనిషి.

బెంగళూరు మేడం షెడ్డు కాడికి వచ్చింది. నేను చేతులు జోడించి నా తప్పేనని చెప్తున్న. అమ్మ నన్ను పక్కకు జరిపి, రాయచూరు దిక్కు పత్తి ఏరనీకె పోయినప్పుడు వచ్చిన కన్నడంల, "జర కాలు తోర్సమ్మా" అన్నది. కాలు చూపించమని. ఈమె నా కాళ్లు మొక్కుతదేమో అని మేడం వెనక్కి జరిగింది. సెల్వం అంతా చెప్పినంక, చెప్పులు విడిచి నిలబడ్డది. అమ్మ వంగి చూసింది.

"మావానిది ఇంత చిన్న కాలు కాదు" అన్నది. "కన్నదాన్ని, నేనే పోల్చుకోలే."

"కండ్లల్ల నీళ్లుంటె ఏం కనబడ్తదమ్మా" అన్న.

మేడం మా అమ్మ చెయ్యి పట్టుకొని ఇడిచిపెట్టలే. పసుపు మరక పోనియ్యనన్నది.

సెల్వం ఆకుపచ్చ బోర్డు తెచ్చిండు. అమ్మ మైనం మీద చూసింది. నున్నగుంది. తిప్పి చూసింది. ఎక్కడ ఏం లేదు.

"మీకిచ్చేది గదా అని పాత మైనమంతా గీకి, కడిగి పెట్టిన అమ్మా" అన్నడు సెల్వం. ఆ మాట అనుకుంటనే ఆయనకు సమజైంది. తల దించుకున్నడు. పెద్ద మనిషి, ఒడ్డు మీద నిలబడి పిల్లగాని లెక్క ఏడ్చిండు. అమ్మ ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి, "మంచిగనే పెట్టినవ్ బిడ్డా. వాడైతె ఏ వస్తువు గిట్ల కడిగి పెట్టలే" అన్నది.

బోర్డు ఇంటికి వద్దన్నది. "గోడకు ఆనిచ్చి ఏం జేస్తం? కొత్తగ నేర్సుకునేటోళ్లకు ఇయ్యి." తర్వాత నా దిక్కు తిరిగింది. "పెద్దోడా, పోయేముందు నువ్వొకసారి ఎక్కు."

నాకు బాయిల ఈతొస్తది, అంతే. అయినా అమ్మ అడిగింది. సెల్వం నిక్కరు అడుక్కొని ఏసుకున్న, అది నడుముకు వదులు. ఆయన బోర్డు పట్టుకొని లోపలికి తోల్కపోయి, అల రాంగనే "లే అన్నా, లే" అన్నడు. ఒక మోకాలు లేపిన. రెండోది లేపేలోపల ఆకాశం కిందికొచ్చింది. ముక్కుల, నోట్ల, చెవుల అన్నిట్ల ఉప్పు నీళ్లే. దొర్లుకుంట వచ్చి ఇసుకల పడ్డ. తలెత్తి అమ్మను చూస్తె, ఆమె నన్ను చూస్తలేదు. నా వెనక బోర్డు ఒక్కటే, మీద ఎవలు లేకుండ, అల మీద సక్కగ వస్తుంది. దాన్నే చూస్తుంది. నేను నోరు మూసుకొని ఇసుక ఊసుకున్న.

ఇప్పుడు మా అమ్మ పెబ్బేరంతా చెప్తుంది, "మా పెద్దోడు గూడ సముద్రంల నిలబడ్డడు" అని. అవును, నిలబడ్డ. బోర్డు పోయినంక, మోకాళ్ల లోతు నీళ్లల్ల, రెండు చేతులతోని నిక్కరు పట్టుకొని.