‘స్థానికం’ అని తీసేసిన గాలి

ఫిబ్రవరిలో ఒక బుధవారం, మధ్యాహ్నం రెండూ నలభైకి, మసి కొలిచే యంత్రంలో టేపు అరగంటలో రెండోసారి ముందుకు జరిగింది. ఆ చప్పుడుతోనే నాకు అనుమానం మొదలైంది. గాలిలోని మసి ఆ తెల్ల టేపు మీద చుక్కగా పడుతుంది. చుక్క బాగా నల్లబడితే టేపు తనంతట తానే జరుగుతుంది. సముద్రపు గాలి వీచే పూట అది అంత త్వరగా నల్లబడకూడదు.

నెల్లూరు తీరంలోని ఆ పరిశీలన కేంద్రంలో నేను రెండేళ్లు ప్రాజెక్టు అసిస్టెంటుగా పనిచేశాను. ధూళి కణాలను, మేఘాలను, వాయువులను కొలిచే యంత్రాలన్నీ అక్కడే ఉండేవి. ఆ కొలతలను చాలా సంస్థలు పంచుకునేవి. పంపేముందు సీనియర్ టెక్నీషియన్ ఖాదరన్న, దగ్గరి పొగ కలిసిన నిమిషాలకు ‘స్థానికం’ అని గుర్తు పెట్టేవాడు. గుర్తు పడిన కొలత ఎవరి లెక్కలోకీ రాదు.

ఆ పూట ఆయన తెర వైపు సరిగా చూడకుండానే గుర్తు పెట్టేశాడు.

“చూడకుండానే ఎట్టన్నా?” అన్నాను.

“రోజూ వచ్చేదే కదమ్మా. రొయ్యల హేచరీ వాళ్లు పాత ప్లాస్టిక్ షీట్లు తగలేస్తుండారు. మనకు కావాల్సింది సముద్రం గాలి. వాళ్ల పొగతో ఎవురికేం పని?”

రొయ్యపిల్లల్ని పెంచే ఆ హేచరీ మాకు తూర్పున. పడమర, ఆ గాలి పోయే దారిలోనే, నా పిల్లలు చదివే బడి. మా పాప గ్రేసీకి నెల రోజులుగా దగ్గు తగ్గడం లేదు. ఖాదరన్న హేచరీవాళ్లతో కుమ్మక్కయ్యాడేమో అనిపించింది. ఆయన టీకి వెళ్లగానే, తీసేసిన నిమిషాలను అసలు ఫైలులోంచి బయటికి లాగాను. మూడు వారాలవి. దాదాపు అన్నీ రెండున్నరకూ మూడున్నరకూ మధ్యే. అది బడిలో ఆటల గంట.

ప్రింటు తీసి ఆయన ముందు పెట్టి, ఎవరికోసం దాస్తున్నావని అడిగాను.

“దాచేదేందమ్మా! రూలు బుక్కులో ఉండేదే చేసినా,” అని ఖాదరన్న కసురుకున్నాడు. తర్వాత ఆ గంటల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశాడు. “మా మనవరాలు గూడా ఆ బళ్లోనే ఉండాది,” అన్నాడు. ప్రతి కాగితం కిందా తనే సంతకం చేసి నాకిచ్చాడు.

మనిషిని అనుమానించడం నా తప్పు. పద్ధతిని అనుమానించడం తప్పు కాదు. శుభ్రమైన లెక్క చేతికొస్తే, అందులోంచి ఏం తీసేశారో ముందు అడగాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున గ్రేసీకి జడ వేస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను: “ఈ పొద్దు ఆటల బెల్లు కొట్టినా బయటికి పోబాకండి. కిటికీలు మూసుకొని గదిలోనే కూర్చోండి. ఎందుకని మేడం అడిగితే, మా అమ్మ కాగితాలు తీసుకొని వస్తా ఉండాదని చెప్పండి.”