రేపల్లె బండిలో అవతలి పార్టీ

డెబ్బైల మొదట్లో తెనాలిలో మా సీనియరు గారు లా చదివే కుర్రాళ్ళకు ఆదివారం పొద్దున తన ఆఫీసు వసారాలో పాఠాలు చెప్పించేవారు. ఆస్తి చట్టాలు ఒకరికి, సాక్ష్యం చట్టం ఇంకొకరికి అప్పగించారు. వృత్తి ధర్మం నా వంతుకొచ్చింది. నేను నల్లకోటు తొడిగి అప్పటికి రెండేళ్ళు. నాకెందుకండీ అంటే, "మిగతావాటికి చదువుకున్నవాళ్ళు కావాలి. దీనికి నువ్వు చాలు" అన్నారు.

బాపట్ల నుంచి వచ్చే కుర్రాడు ఏ ప్రశ్న అడిగినా లేచి నిలబడి, గొంతు సవరించుకుని, న్యాయదేవతను పిలిచేవాడు. తెనాలి నాటకాల ఊరు కదా, వీధిన పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. "కూర్చుని చెప్పు నాయనా, మేం టిక్కెట్టు కొనలేదు" అనేవాణ్ణి. రేపల్లె కుర్రాడు నెమ్మదస్తుడు. పాఠం అయ్యాక ఉండిపోయి, సీనియరు గారి కేసుల కట్టలు సర్దిపెట్టేవాడు.

అతనొచ్చే రేపల్లె రైలుబండి మర్యాదలు వేరు. పక్కన కూర్చున్నవాణ్ణి ఏ ఊరు, ఎవరబ్బాయివి, ఏం చదువుతున్నావు అని అడక్కపోతే గర్వమంటారు. లా అని చెప్పామా, అంతే. డాక్టరు కనిపిస్తే నాలుక చాపినట్టు, ఇక్కడ దావా విప్పుతారు. తెనాలి వచ్చేలోపు మనకు వాళ్ళ తాతల కాలం నాటి గట్టు తగాదాలన్నీ కంఠతా వచ్చేస్తాయి.

ఒక ఆదివారం రేపల్లె కుర్రాడు పాఠం అయ్యేదాకా తలెత్తలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గరికొచ్చాడు.

"సార్, నేనీ వృత్తికి పనికిరాను. చదువు మానేస్తున్నాను."

"మానే ముందు టీ తాగు. మానేశాక ఎవరూ పోయించరు."

టీ ముట్టలేదు. "పొద్దున బండిలో వేమూరులో ఒకాయన ఎక్కారు సార్. లాయరు గారా అన్నారు. కాదనలేదు. తన గొడవ చెప్పి సలహా అడిగారు. ఏదో చెప్పాను. ఇక్కడికొచ్చి పాఠం మొదలయ్యేలోపు కట్ట విప్పితే, ఆయన మన బోదె కేసులో అవతలి పార్టీ. ఆయనేమన్నారంటే..."

"ఆగు" అన్నాను. నాకే ఆశ్చర్యం. అంత గట్టిగా నేను కోర్టులో కూడా ఎప్పుడూ అనలేదు. "ఆ మాట నాకు చెప్పకు."

"అది చెప్తే ఆవిడకి నీళ్ళొస్తాయి సార్."

ఆవిడ మా క్లయింటు. వేమూరు దగ్గర ఎకరన్నర మాగాణి. భర్త పోయాడు. ఆమె చేలోకి నీళ్ళు అవతలివాళ్ళ పొలంలోని బోదె కాలవ గుండా రావాలి. వాళ్ళ పెద్దాయన పోయాక కొడుకు ఆ బోదెకు మట్టి కొట్టేశాడు. అసలెన్నడూ అటు నీళ్ళు పారలేదని జవాబు దాఖలు చేశాడు. చుట్టూ పచ్చగా ఉంటే ఆమె పొలం చెక్క ఒక్కటే రెండేళ్ళుగా బీడు పడి ఉంది.

"ఆయన నిన్నెవరనుకుని చెప్పాడు?"

"లాయరనుకుని."

"మరి అది లాయరుకు చెప్పిన మాటే. ఆ లాయరు నువ్వు కాకపోవడం ఆయన తప్పు కాదు. ముందెళ్ళి ఆ సంగతి ఆయనకి చెప్పు. ఎవరి ఆఫీసులో పనిచేస్తున్నావో కూడా."

సీనియరు గారితో మాత్రం, ఈ కుర్రాణ్ణి ఆ కట్ట ముట్టనివ్వొద్దండీ అన్నాను. ఎందుకన్నారు. చెప్పలేనండీ అన్నాను. కళ్ళజోడు పైనుంచి చూసి, "నీకు పాఠం చెప్పడం వంటబట్టినట్టుందే" అని కట్ట తీసి తన బీరువాలో పెట్టుకున్నారు.

కుర్రాడు మర్నాడే వేమూరులో దిగి ఆయన ఇంటికెళ్ళాడు. ఆయన మొత్తం విని, "లాయరువి కాదా? మరి నల్ల పాంటెందుకు వేశావ్?" అన్నాడట. తర్వాత, "ఇంకేం, ఈపాటికి మీ ప్లీడరు చెవిన పడే ఉంటది" అని లోపలికెళ్ళిపోయాడట.

ఇదంతా పాఠం చెప్పినంత తేలిక కాదు. వాయిదాకు ముందు ఆవిడ ఆఫీసుకొచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. "బాబూ, ఈ ఏడన్నా వరి ఊడుస్తానంటావా?" అంది. చూద్దామమ్మా అన్నాను. ఏ జోకూ రాలేదు. ఆమెకు కావలసిన మాట నా శిష్యుడి నోట్లో ఉంది. ఆ నోటికి తాళం వేసింది నేను. మన మంచితనానికి ఆమె చేను ఎండుతుంటే అది మంచితనమేనా అని రాత్రుళ్ళు అనుకునేవాణ్ణి. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నిజం చెప్పాలంటే, ధర్మసందేహంతో సమానంగా, ఇంతకీ ఆయనేమన్నాడో అన్న దురద కూడా ఉండేది.

విచారణ రోజు మా క్లాసంతా కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుంది. రేపల్లె కుర్రాడు నా పక్కనే. అవతలాయన బోనెక్కాడు. నీళ్ళ కేసుల్లో ఎవరొచ్చినా మా సీనియరు గారు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. అలవాటు. ఇప్పుడూ అడిగారు.

"మీ నాన్నగారు ఉన్నప్పుడు ఆవిడ చేలోకి నీళ్ళు ఎటునుంచి పోయేవి?"

ఆయన జవాబు చెప్పబోయి వెనక బెంచీ వైపు చూశాడు. మా కుర్రాడు కనిపించాడు. బోను కర్ర మీద చెయ్యి వేసి జడ్జి గారి వైపు తిరిగాడు.

"ఇంకేం దాస్తాంలెండి. మా బోదెలోంచేనండి."

ఆయన ప్లీడరు గారి మొహం చూసి జడ్జి గారే మంచినీళ్ళు తెప్పించారు. బాపట్ల కుర్రాడు లేవబోయాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

తీర్పు తర్వాతెప్పుడో వచ్చింది. అవతలాయన అంతదాకా ఆగలేదు. కోర్టులో అందరి ముందూ ఒప్పుకున్నాక మట్టి ఉంచితే ఊళ్ళో తలెత్తుకోలేనని, తనే పార పట్టుకెళ్ళి బోదె తెరిచాడు. బాగానే ఉంది కానీ, మా కుర్రాడి పేరు పోయింది. వాడికి చెప్తే ప్లీడరుకి చేరుస్తాడని బండంతా పాకింది. ధర్మం పాటించినందుకు ఆ లైన్లో అతనికి కిటికీ పక్క సీటు, బోలెడంత నిశ్శబ్దం దక్కాయి.

ఊడ్పులప్పుడు ఒక వాయిదాకు రేపల్లె వెళుతూ నేనూ అతనితో బండెక్కాను. మా ఎదురుగా ఆయనే.

"చెప్పేశావు కదా" అన్నాడు కుర్రాడితో.

"లేదండి."

"మరి మీ ప్లీడరుకెట్టా తెలిసింది?"

నేను కల్పించుకున్నాను. "ఆయనకేం తెలియదండి. నాకూ తెలియదు. నీళ్ళ కేసయితే అందర్నీ అదే అడుగుతారు. ఊరికే."

ఆయన నన్నూ, అతన్నీ మార్చి మార్చి చూశాడు. "ఊరికే అడిగితే చెప్పేశానా నేను?"

మేమిద్దరం కిటికీలోంచి బయటికి చూశాం. నవ్వితే బాగుండదు.

వేమూరులో ఆయన లేచాడు. దిగి కిటికీ దగ్గరికొచ్చి, "ఆవిడ నిన్న ఊడ్పించింది. నీళ్ళు బాగానే ఎక్కినయ్యి" అన్నాడు, తన పొలం గురించి చెప్పినట్టే. మళ్ళీ కుర్రాడి వైపు తిరిగాడు.

"లాయరువి ఎప్పుడవుతావబ్బాయ్?"

"వచ్చే ఏడండి."

"మా బావమరిదితో ఇంకో తగువుంది. అయ్యాక కబురు చెయ్యి." బండి కదులుతుంటే ప్లాట్‌ఫారం మీంచి అన్నాడు. "అప్పటిదాకా నాతో మాట్లాడమాక."