లోపల వదిలిన గుడ్డ

ఆ వీధిలో ఎవరి నడుము ఎంతో వాళ్ల ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, మూలమీది దర్జీకి తెలుసు. పోయినేడు కుట్టిన ప్యాంటు పట్టుకొచ్చి "ఉతికితే కుదించుకుపోయిందయ్యా" అని ఎవరైనా అంటే, "అవునండీ, ఈమధ్య నీళ్లే అలా ఉన్నాయి" అనేవాడు. మనిషి ఒళ్లు చేశాడని మొహం మీద అనడం ఆయన వృత్తిలో లేదు. పక్క కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి కాస్త బయటికి లాగి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. వచ్చినవాడు గుండీ పెట్టుకుని, తన ఒంటికేమీ కాలేదన్న ధీమాతో ఇంటికి పోయేవాడు. ఆ మర్యాదే చివరికి ఆయన కొంప ముంచింది.

కత్తిరించడం ఆయన పని, కుట్టడం ఎక్కువగా భార్య పని. ముందు గదిలో రెండు మిషన్లు ఎదురెదురుగా ఉండేవి. ఆయన ఎంత పొదుపుగా కత్తిరించబోయినా ఆవిడ ఒప్పుకునేది కాదు, పక్కలకి ధారాళంగా గుడ్డ వదలాల్సిందే.

"ఇంతింత గుడ్డ లోపల దాచి ఏం చేసుకుంటావే?" అని విసుక్కునేవాడు.

"పిల్లలు పెరుగుతారు. బట్ట పెరుగుతుందా?" అనేది ఆవిడ, మిషను ఆపకుండానే.

ఆవిడకు రక్తంలో జబ్బు పట్టుకుంది. ఆసుపత్రి మంచం మీద మిషను ఎలాగూ ఉండదు. చేతులు ఊరికే పెట్టుకోవడం చేతకాని మనిషి కాబట్టి, నీలం గుడ్డ తెప్పించుకుని, కూతురికి గౌను చేత్తోనే కుట్టడం మొదలుపెట్టింది. మధ్యలో నీలం దారం అయిపోయింది. ఆయన తెస్తానన్నాడు గానీ, తెచ్చేదాకా ఆగలేక పసుపు దారంతోనే పక్క కుట్లు వేసేసింది. "లోపలే కదా, ఎవరు చూడొచ్చారు?" అంది. పక్కలకి ఏళ్లకేళ్లు సరిపోయేంత గుడ్డ వదిలింది. గౌను పూర్తయింది. ఆవిడ మాత్రం ఇంటికి రాలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయిన సాయంత్రం, ఎనిమిదేళ్ల కూతురు అమ్మ మిషను ముందు నిలబడి ఏడుపు అందుకుంది. ఆయన మొదటినుంచీ మాటల మనిషి కాదు. మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. ఏం చేయాలో తోచక పక్కనున్న బేకరీకి పరిగెత్తి, వెన్న రాసిన బన్ను తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు.

"తినమ్మా, తగ్గిపోతుంది" అన్నాడు.

ఏది తగ్గిపోతుందో ఆయనకే తెలియదు. పిల్ల ఎక్కిళ్ల మధ్యే కొరికింది, నమిలింది, ఊరుకుంది. ఆయనా ఒకటి తిన్నాడు. నోట్లో ముద్ద ఉన్నంతసేపూ ఏడుపు బయటికి రాదన్న తెలివి ఆయనకు ఆ రోజే వచ్చింది. పాడు తెలివి, రాకపోతేనే బాగుండేది.

అప్పట్నుంచి పిల్ల మొహం చిన్నబోతే చాలు, ఏదో ఒకటి తెచ్చి పెట్టేవాడు. బళ్లో ఎవరో ఏదో అన్నారంటే కేకు, జడ సరిగ్గా కుదరలేదంటే చాక్లెట్టు. అమ్మ మిషను మీద ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా వెలిసింది. ఆ ఇంట్లో "అమ్మ" అన్న మాట మాత్రం ఎవరి నోటా వినబడలేదు. తండ్రీ కూతుళ్లు రాత్రి భోజనానికి కూర్చుంటే, గిన్నె ఖాళీ అయ్యేదాకా లేచేవాళ్లు కాదు. లేస్తే ఖాళీ గదిలోకి వెళ్లి పడుకోవాలి మరి.

పిల్ల బట్టలు బిగుతయ్యాయి. ఇంకొక తండ్రయితే కొత్తవి కొనాల్సొచ్చి, ఆ వంకనైనా ఆలోచనలో పడేవాడు. ఈయన దర్జీ అయిపోయె! పిల్ల బడికి వెళ్లగానే పక్క కుట్లు విప్పేవాడు, లోపలి గుడ్డ వదిలేవాడు, సాయంత్రానికి మడతపెట్టి ఎప్పటిలా అలమరలో పెట్టేవాడు. ఇన్నేళ్లూ వీధిలో అందరికీ చేసిన మర్యాదే సొంత కూతురికీ చేశాడు. బట్టలు ఎప్పుడూ సరిపోతూనే ఉండేవి. అందుకని ఇంట్లో ఏమీ జరగనట్టే ఉండేది.

అయితే విప్పిన కుట్టు ఇస్త్రీ పెట్టె కింద దాగదు. పాత మడత గీత, సూది వేసిన చిల్లుల వరస తెల్లగా తేలతాయి. ఆ బట్టలన్నీ ఇస్త్రీ చేసేది వదినే. వదినంటే భార్యకు అక్క, రెండు వీధుల అవతల ఇస్త్రీ కొట్టు నడుపుతుంది. ఆవిడ గొంతు కాస్త పెద్దదే. ఉన్నమాట మొహం మీదే అంటుందని ఆవిడంటే ఆయనకు జంకు. ఆవిడ ఆ గీతలు చూస్తూనే ఉంది. తల్లి లేని ఇల్లు కదా, ఏమంటే ఏం నొచ్చుకుంటారోనని, జీవితంలో మొదటిసారి నోరు కట్టుకుని ఊరుకుంది.

బళ్లో ఏదో కార్యక్రమం వచ్చింది. పిల్ల పాటల గుంపులో ఉంది. "అమ్మ కుట్టిన గౌను వేసుకుంటా నాన్నా" అంది. ఇన్నాళ్లకు ఆ మాట ఇంట్లో వినబడింది. ఆయన వినబడనట్టే "సరే, బాగుచేసి పెడతాలే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం గౌను బల్లమీద పరిచి తిరగేశాడు. అంతకుముందే ఒకసారి విప్పి వదులు చేసిన గౌను అది. అప్పుడు ఒక పక్కే విప్పాడు. ఇప్పుడు రెండో పక్క విప్పడం మొదలుపెట్టాడు. బ్లేడు మొన తగిలినచోటల్లా పసుపు దారం ముక్కలై రాలింది. అంతా విప్పాక కొలిచి చూస్తే సరిపోలేదు. మళ్లీ కొలిచాడు. ఈ పక్కా ఆ పక్కా ఎక్కడ వెతికినా ఇక వదలడానికి గుడ్డ లేదు. ఆవిడ పిల్ల ఎదుగుతుందని ఏళ్లకు సరిపడా దాచింది, ఏడాది తిరక్కుండానే అయిపోయింది.

అప్పుడు గాని ఆయన బల్లమీది దారం ముక్కల్ని చూడలేదు. ఆసుపత్రి మంచం మీద ఆవిడ చేత్తో వేసిన కుట్లు అవి. మొదటి పక్కవి ఏమయ్యాయో గుర్తొచ్చింది. వాటిని అప్పట్లో తనే చీపురుతో ఊడ్చి చెత్తలో పోసేశాడు. ఆయన చెయ్యి దానంతటదే బిస్కెట్ల డబ్బా మీదికి పోయింది.

ఇస్త్రీ బట్టల మూటతో వదిన లోపలికి వచ్చింది. గౌనునీ, దారాన్నీ, ఆయన నోట్లో ఉన్నదాన్నీ చూసింది.

"అదీ విప్పేశావా మరిదీ?"

ఆయన బల్లమీది దారం ముక్కలు పోగుచేయసాగాడు.

"ఇస్త్రీ చేసేదాన్ని, నాకు కనబడదనుకున్నావా? మా చెల్లెలు ఆ గుడ్డ దేనికి వదిలింది, నువ్వు దేనికి ఖర్చుపెట్టావు?" ఆవిడ గొంతు పెరగలేదు, దానికే ఆయనకు భయం వేసింది. "పిల్ల లావయిందని కాదయ్యా నా బాధ. లావైతే ఏం, బంగారు తల్లి. ఆకలికి అన్నం పెట్టు, ఎవరొద్దన్నారు? ఏడుపుకి ఒడి పెట్టాలి. రెంటికీ ఒకే డబ్బా తీస్తే ఎలా?"

"అది ఏడుస్తుంటే చూడలేను వదినా."

"చూడలేకపోతే నువ్వూ ఏడు. పక్కన కూర్చుని ఏడు. అంతేగానీ పిల్ల నోరు నొక్కకు."

ఆ మాటకే ఆయన అదిరిపడ్డాడు. పెట్టడమే తప్ప నొక్కడం ఎన్నడూ ఎరగననుకున్నాడు.

ఇంతలో పిల్ల బడినుంచి వచ్చింది. పక్క విప్పేసి పడున్న గౌను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కింది పెదవి వణికింది. ఆయన అలవాటు చొప్పున డబ్బా అందుకోబోయాడు. వదిన మూతమీద చెయ్యి వేసి ఉంచింది.

"అడుగు ముందు" అంది.

ఆయన పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఆకలేస్తోందా అమ్మా?"

పిల్ల పెద్దమ్మ వంక చూసింది, తండ్రి వంక చూసింది. తప్పు చేసి దొరికినట్టు తల దించుకుంది.

"లేదు నాన్నా. నాకు రోజూ ఆకలేం వెయ్యదు."

"మరి ఎందుకు తింటావు తల్లీ?"

"నేను తింటుంటే నీ మొహం బాగుంటుంది. తినకపోతే నువ్వు అమ్మ మిషను వంక చూస్తూ కూర్చుంటావు. నాకు భయమేస్తుంది. అందుకే తినేస్తాను."

ఆయన నేలమీద చతికిలబడ్డాడు. ఇన్నాళ్లుగా దిగమింగిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. నోట్లో అడ్డం ఏమీ లేదు. మగవాడి ఏడుపు చూడటానికి బాగుండదు అంటారు, నిజంగానే బాగులేదు. వదిన మొహం గోడవైపు తిప్పుకుని కొంగు అడ్డం పెట్టుకుంది.

పిల్ల కంగారుపడిపోయింది. మూతమీదినుంచి పెద్దమ్మ చెయ్యి ఎప్పుడో జారిపోయింది. గబగబా డబ్బా తెరిచి, ఒక బిస్కెట్టు తీసి, తండ్రి పెదవులకు ఆనించింది.

"తిను నాన్నా, తగ్గిపోతుంది."

ఆయన ఆ చేతిని పట్టుకున్నాడు. తన మాట తనకే తిరిగొచ్చింది. బిస్కెట్టు తీసి నేలమీద పెట్టాడు.

"తగ్గదమ్మా" అన్నాడు. "తింటే తగ్గేది కాదిది. నాకు మీ అమ్మ కావాలి."

పిల్ల ఆయన మొహంలోకి చూసింది. ఆ మాట పైకి అనొచ్చని దానికి అప్పటిదాకా తెలియదు.

"నాకూ" అంది, తండ్రి ఒళ్లో కూలబడి.