క్రోటన్ల మొదట్లో ఉప్పు

మా అమ్మ దేముడమ్మకు పచ్చరంగంటే పడదు. అండమాన్లో కాపురముంటూ పచ్చ పడదంటే, పడవలో కూర్చుని నీళ్ళు పడవన్నట్టేనని మా నాన్న తాతబ్బాయి ఎగతాళి చేసేవాడు.

ఆమె పుట్టింది భీమిలి పక్కన, ఎర్రమట్టి దిబ్బల దాపున. అక్కడ నేల ఎరుపు, గాలికి లేచే దుమ్మూ ఎరుపే. పెళ్ళయ్యాక నాన్న వెంట ఓడెక్కి, అరవై రెండులో అండమాన్ దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో దిగింది. దిగిన రోజునుంచీ వానే. ఇంటి వెనక అడవి, ముందు కొబ్బరిచెట్లు, గోడ మీద నాచు.

"ఎటు సూసినా పచ్చే మావా. నా కళ్ళకి కూడా నాచు పట్టేసినాది" అని ఏడ్చేదట. నవ్వేవాళ్ళు నవ్వండి. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన కురిసే చోట కొత్తకోడలిగా ఉండి చూడండి, తెలుస్తుంది.

ఆ రోజుల్లో అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని, ఫెర్రీలో రేవు దాటి, పట్నంలోని గోల్ ఘర్ వీధుల్లో అమ్మేది. అక్కడ ఒక క్వార్టర్స్ ముందు మొదటిసారి క్రోటన్ మొక్కలు చూసింది. ఆకే ఎరుపు, ఆకే పసుపు! గంప దించి అక్కడే నిలబడిపోయింది. "దీదీ, ఏక్ కొమ్మ దేదో, మచ్ఛీ లేలో" అని తనకొచ్చిన రెండు ముక్కల హిందీలో చేపకు కొమ్మ బేరం పెట్టింది.

అప్పటినుంచి మొక్కల ఎంపికలో ఆమెది ఒకటే పట్టు. ఆకులో పచ్చ ఎంత తక్కువుంటే మొక్క అంత మంచిది. రక్తం రంగువి, పసుపు చుక్కలవి, మెలితిరిగిన ఆకులవి వెతికి వెతికి తెచ్చేది. ముదురు కొమ్మ కోసి, కింది ఆకులు గిల్లి, వేరు పట్టేదాకా నీడన ఉంచేది. చిగురేశాక ఎండ తగిలే వాకిట్లో పాతేది. నీడలో వదిలేస్తే క్రోటన్ కూడా పచ్చబడుతుంది, అది మాత్రం ఆమె సహించలేదు.

మా నాయనమ్మ కాళమ్మకు ఇదంతా చూస్తే ఒళ్ళు మండిపోయేది. వాన తెరిపిచ్చినప్పుడు ఆమె చేపలు ఎండబెట్టుకునేది ఆ వాకిట్లోనే మరి.

"కూరకి రాదు, కాయ కాయదు, అమ్మోరికెట్టడానికి పువ్వైనా పుయ్యదు. ఏటికే ఇది?"

"సూసుకోడానికి."

"సూపు కడుపు నింపుతాదేటి?"

నేను కడుపున పడ్డాక గొడవ ముదిరింది. తొలి పురుడు పుట్టింట్లో పోసుకోవడం మా ఆచారం. వానలు తగ్గాక విశాఖపట్నం వెళ్ళే ఓడకు నాన్న టికెట్టు మాట్లాడాడు. అత్తాకోడళ్ళు వాకిలి కోసం మాటామాటా అనుకున్న ఒక పొద్దున అమ్మ అనేసింది: "ఎల్తే మరి రాను. బిడ్డనెత్తుకుని ఆడే ఉండిపోతాను."

వల బాగుచేస్తున్న నాన్నకు తెలుసు, అమ్మ ఉత్తుత్తి బెదిరింపుల మనిషి కాదు, అన్నంత పనీ చేస్తుంది. ఆ సంగతి నాయనమ్మకూ తెలుసు. ఆ మర్నాడే చేపలెండబెట్టే చాపలు పెరట్లోకి మార్చేసింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. చెబితే పరువు పోదూ!

అంతలో నత్తలొచ్చిపడ్డాయి. మా దీవుల్లో నత్తంటే పిడికిలంత ఉంటుంది. వానకు మట్టిలోంచి లేచి, తెల్లారేసరికి చిగుళ్ళన్నీ బోడి చేసేవి. అమ్మ ఏరి డబ్బాలో వేసేది. మర్నాటికి మళ్ళీ అన్నీ వచ్చేవి. ఒకరోజు ఆ మోడుల ముందు గొంతుక్కూర్చుని, "ఈటికి కూడా నానిక్కడుండడం ఇష్టం నేదు" అని బావురుమంది. ఆ మాట పొయ్యి దగ్గరున్న నాయనమ్మ చెవిన పడింది.

అమ్మ గంపెత్తుకుని ఫెర్రీకి వెళ్ళగానే, నాయనమ్మ చేపలకు పట్టించే ఉప్పు బస్తా విప్పింది. ఉప్పు తగిలితే నత్త నీరైపోతుందని చేపలవాళ్ళింట్లో ఎవరికి తెలియదు? దోసిళ్ళతో తీసి ప్రతి మొక్క మొదట్లోనూ చుట్టూ పోసింది. నత్తలు చచ్చాయి. కోడలు సంతోషిస్తుందని ముసలామె మురిసిపోయింది. అయితే వాన ఊరుకుంటుందా? ఉప్పంతా కరిగి వేళ్ళకు దిగింది. కొద్దిరోజుల్లోనే ఎర్రాకులు అంచులు మాడి, ఒక్కటీ మిగలకుండా రాలిపోయాయి.

అమ్మకు అనుమానం వచ్చింది. మొదట్లో మట్టి గీకి నాలుక మీద పెట్టుకుంది. అంతే, శివమెత్తిపోయింది.

"అత్తా! ఉప్పోసి సంపేసినావా? వాకిలి కోసమేనా?"

"నత్తలకి పోసినానే. నీ మొక్కలకి గాదే."

"నన్ను నమ్మమంటావా?"

నాయనమ్మ జన్మలో ఎవరికీ సంజాయిషీ చెప్పుకున్న మనిషి కాదు. అమ్మ లోపలికెళ్ళి బట్టలు మూటకట్టింది. ఓడ రావడానికి ఇంకా రోజులున్నాయి, అయినా కట్టేసింది.

మర్నాడు పొద్దున లేచేసరికి నాయనమ్మ ఇంట్లో లేదు. నాన్న జెట్టీ దాకా వెతికొచ్చాడు. మధ్యాహ్నం వానలో తడిసి ముద్దై తనే వచ్చింది. మోకాళ్ళదాకా బురద, భుజాన పెద్ద దుంపతో ఒక మొక్క. పోటు నీళ్ళు తగిలే చోట, ఒడ్డున ఇసుకలో పెరిగే తెల్లపూల లిల్లీ అది. చేతులతోనే తవ్వినట్టుంది, గోళ్ళు చిట్లి రక్తం కారుతోంది.

దాన్ని అమ్మ కాళ్ళ దగ్గర దించింది.

"ఇది ఉప్పులో పుట్టినాదే. నా ఉప్పుకి సావదు. ఈడ పాతుకో." ఆయాసం తీర్చుకుని మళ్ళీ అంది, "ఎల్తే ఎల్లు. బిడ్డనెత్తుకుని మల్లీ రా. వాకిలంతా నీదే."

అమ్మ మొక్కను చూసింది. మొదలు నుంచి కొస దాకా చిక్కటి పచ్చ.

"ఓలమ్మా! ఇంత తిరిగీ పచ్చదే తెచ్చినావా అత్తా?"

నాయనమ్మ ఆకుల వంక చూసి నోరు తెరిచింది. ఆ సంగతి ఆమెకు తోచనే లేదు. "అయ్యో, పచ్చదే గదే" అంది దిగులుగా. ఆ ముఖం చూసి అమ్మకు నవ్వాగలేదు, గడప మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి లేచి, గునపం తెచ్చి, వాకిలి నడిమధ్యన గొయ్యి తీసింది. నాయనమ్మ దుంప పట్టుకుంటే అమ్మ మట్టి పూడ్చింది.

ఓడ వచ్చింది, వెళ్ళింది. అమ్మ ఎక్కలేదు. నేను బాంబూఫ్లాట్‌లోనే, మా నాయనమ్మ చేతుల్లో పుట్టాను.

మరో వానాకాలం ఉప్పును కడిగేశాక అమ్మ మళ్ళీ కొమ్మలు తెచ్చి నాటింది. ఇప్పుడు వాకిలంతా ఎరుపూ పసుపే. నడుమ ఆ ఒక్కటే పచ్చ. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న మా తమ్ముడి భార్య గవరమ్మ, "అత్తా, ఈ పచ్చదొక్కటి అచ్ఛా నహీ లగ్‌తా, తీసేద్దామా?" అని అడిగింది.

"దాన్ని ముట్టుకుంటే సెయ్యిరగ్గొడతాను" అంది అమ్మ. అని ఊరుకోలేదు. కర్ర ఊతంగా వాకిట్లోకి దిగి, వంగలేక వంగి, ఆ పచ్చటి ఆకుల కింద నత్తలేమైనా ఉన్నాయేమోనని ఒక్కొక్క ఆకే ఎత్తి చూసింది.